గేటు నుంచి గేటుకి

సెప్టెంబరు 4

తమ్ముడికి,

నీ ఇంట్లో శాంతి ఉండుగాక. నా ఇంట్లో లేదు. దాన్ని నువ్వే పట్టుకుపోయావు.

నిన్న మీ ఆఫీసు కాగితం వచ్చింది. కింద సంతకం నీది. పాము తోకలా మెలి తిరిగిన ఆ చివరి గీత నీ చేత పలక మీద దిద్దించినదాన్ని నేనే కాబట్టి గుర్తుపట్టాను. ఇంటి నుంచి బడికి నడకదారి మూడు కిలోమీటర్ల లోపే ఉంది కాబట్టి మా మనవరాలికి ఈ ఏడాది బడి బస్సు లేదట. పోయిన ఏడాది ఇదే ఇల్లు, ఇదే బడి. అప్పుడు దూరం మూడు దాటింది, పిల్ల దర్జాగా బస్సెక్కింది. ఈ వేసవిలో ఇల్లు నడిచి వెళ్ళిందా, బడి లేచి వచ్చిందా? తెలిస్తే చెప్పు, ఆదివారం ప్రసంగానికి పనికొస్తుంది.

ముప్పై ఏళ్ళుగా మెడలో టేపు వేసుకుని బతుకుతున్న దర్జీదాన్ని. అంగుళం అంటే అంగుళమే. దొంగ త్రాసన్నా దొంగ కొలబద్దన్నా దేవుడికి ఒళ్ళుమంట అని వాక్యం చెబుతోంది, నేను మా సంఘం కూడే టైర్ల గోడౌన్‌లో ఆదివారం ఆదివారం అరిచి చెబుతున్నాను. వినేవాళ్ళు నలభై మంది. నలభై ఒకటో వాడు నా తోడబుట్టినవాడై, వినకుండా ఆఫీసులో కూర్చుని దారులు కత్తిరిస్తున్నాడు.

పిట్టకి తొమ్మిదేళ్ళు. తల్లి పోయి రెండేళ్ళయింది. అల్లుడు ఓడ దిగేది ఏడాదికొకసారి. పిల్లకి మిగిలింది నేనూ, వాళ్ళమ్మ కట్టిన ఒక పాటా. తప్పిపోయిన చెప్పు తన జత కోసం ఊరంతా వెతికే పాట అది. సగం మాటలకి అర్థం లేదు. బడికి వెళ్తూ వస్తూ అదే పాడుతుంది. ఆ పాటలో నాకు నా కూతురి గొంతు వినబడుతుంది.

నేను దయ అడగడం లేదు. న్యాయం అడుగుతున్నాను. మళ్ళీ కొలిపించు.

అక్క

సెప్టెంబరు 9

అక్కా,

నీ ప్రసంగం అందింది. చందా పళ్ళెం మాత్రం ఉత్తరంతో రాలేదు, మర్చిపోయినట్టున్నావు.

ఫోన్ చేస్తే రెండు నిమిషాల్లో తేలిపోయే సంగతే. కానీ బంధువుల పిల్లల విషయంలో ఏ మాటైనా కాగితం మీదే ఉండాలన్నది మా ఆఫీసు నియమం. మేనల్లుడికి బస్సు సీటు ఇప్పించినందుకు పోయిన ఏడాది మా పక్క కుర్చీ ఖాళీ అయింది. నాకు ఆ కుర్చీ పక్కన ఇంకో ఖాళీ కుర్చీ చేయాలని లేదు. కాబట్టి రాసుకుందాం. నీ చేతిరాత చూసి కూడా చాలా రోజులైంది.

నియమం చెబుతాను, ఆవేశపడకుండా చదువు. దూరం మీ గేటు నుంచి బడి గేటు వరకు కొలుస్తాం. పిల్లలు నడవగల అన్నిటికన్నా దగ్గరి దారే లెక్క. కొలిచేటప్పుడు పిల్ల ముందు నడవాలి, కొలత చక్రం దాని వెనకే దొర్లాలి. పూర్వం మావాళ్ళు గోడలు దూకి అడ్డదారిన కొలిచేసేవాళ్ళు, అందుకని పెట్టిన పద్ధతి ఇది. పిల్ల నడిచిందే దారి. మొన్న వేసవిలో మా చక్రం సారు వచ్చినప్పుడు పిట్టే ముందు నడిచింది, నువ్వు గుమ్మంలో నిలబడి చూశావు కూడా.

మీ వీధి వెనక మూతపడ్డ గాజు ఫ్యాక్టరీ ఉంది కదా, దాని గోడ వెంట కొత్తగా కాలిబాట వేశారు. అందుకే తగ్గింది. ఒక్క రోడ్డు దాటక్కర్లేదు, వరసగా దీపస్తంభాలు, పక్కన కంచె. నిజానికి మన జిల్లాలో అంత భద్రమైన దారి ఇంకోటి లేదు. బస్సయితే సాయంత్రం దింపేటప్పుడు గేటు దగ్గర పెద్దవాళ్ళు ఎవరో ఒకరు ఉండాలి, లేకపోతే డ్రైవర్ పిల్లని దింపడు, తిరిగి తీసుకుపోతాడు. నీ గోడౌను ప్రార్థనల మధ్య ఆ హడావిడి కూడా తప్పుతుంది.

నీ మరదలు అడిగిందని చెప్పమంది. పిట్టకి ముద్దులు.

నీ తమ్ముడు

సెప్టెంబరు 22

తమ్ముడికి,

ప్రభుత్వానికి లోబడమని వాక్యం ఉంది కాబట్టి లోబడ్డాను. పిట్ట నడుస్తోంది. ఇప్పుడు ఒక్క మాట అడుగుతాను, నీళ్ళు నమలకుండా చెప్పు. ఆఫీసు జీపు గానీ పంపుతున్నావా?

ఎందుకంటే పిల్ల మరీ తొందరగా చేరుతోంది. మా వీధి చివర బస్సు వెళ్ళిపోయాక నేను జడ వేసి పంపుతున్నాను. బస్సు బడికి చేరేసరికి ఇది తరగతిలో కూర్చుని ఉంటోందట. హెడ్‌మిస్ట్రెస్ కర్టెన్లు కుట్టించుకోవడానికి వచ్చి, "మీ మనవరాలు గడియారంతో పోటీ పడుతోందండీ, మాకందరికీ ఆదర్శం" అంది. నాకేమో ఎవడి బండి ఎక్కుతోందోనని భయం. సాయంత్రం కూర్చోబెట్టి అడిగాను.

"ఎవరు తీసుకెళ్తున్నారే నిన్ను?"

"ఎవరూ లేరు అమ్మమ్మా. దారే తీసుకెళ్తోంది."

"దారి తీసుకెళ్ళడమేంటే, నీ బొంద."

"గోడ దగ్గర కొంచెం దగ్గరికి జరుగుతుంది. నేను కూడా జరుగుతాను."

చెయ్యెత్తాను. ఎత్తిన చెయ్యి దింపేశాను. అబద్ధం చెప్పే కళ్ళు కావవి. పడుకోబోయే ముందు వాళ్ళమ్మ పాట పాడమన్నాను. "ఏ పాట?" అంది. చెప్పు పాటే అన్నాను. తప్పిపోయిన చెప్పు పాట. పిల్ల చాలాసేపు ఆలోచించి, నాకు రాదు అమ్మమ్మా, నువ్వు నేర్పు అంది. నేను మొదలుపెట్టాను. మొదటి మాట కూడా దానికి కొత్తగానే ఉంది.

నువ్వు జీపు పంపుతుంటే ఆపేయి. దొంగచాటు దయ నాకొద్దు. పంపకపోతే ఇంకా వేగంగా ఉత్తరం రాయి.

అక్క

సెప్టెంబరు 27

అక్కా,

నా దగ్గర జీపు లేదు. ఒక స్టూలు, ఒక ఫ్యాను, ఒక రబ్బరు స్టాంపు ఉన్నాయి. ఏది పంపమంటావు?

నువ్వు కోరినట్టే చక్రం సారుని మళ్ళీ పంపాను. పిట్ట ముందు నడిచింది. ఈసారి రెండున్నర వచ్చింది. వేసవిలో వచ్చింది మూడుకి ఓ వంద మీటర్లు తక్కువ, ఇప్పుడు ఏకంగా అరకిలోమీటరు తక్కువ. చక్రం చెడిందేమో అని ఆఫీసు వసారాలో నా కళ్ళ ముందే దొర్లించాం. వసారా ఎంతుండాలో అంతే ఉంది. నిజం చెప్పు, పిల్లకి ఏదైనా సందు చూపించావా? కొలత పెంచుకోవాలని మళ్ళీ కొలిపించుకునేవాళ్ళని చూశాను గానీ తగ్గించుకునేవాళ్ళని చూడటం ఇదే మొదలు. అడిగి మరీ తన్నించుకున్నట్టుంది.

చక్రం సారుకి కూడా ఈ మధ్య వయసు మీద పడుతోంది. మీ దగ్గర నుంచి వచ్చిన సాయంత్రం తన వీధిలో నిలబడి తన ఇల్లేదో పక్కింటివాళ్ళని అడిగాడట. తలుపు రంగు గుర్తు రాలేదట. మేమంతా నవ్వాం. ఆయన నవ్వలేదు. మీ వీధికి ఇంక వెళ్ళనని కాగితం రాసిచ్చాడు.

పిల్లలు పాటలు మర్చిపోతారక్కా. తల్లిపోయిన పిల్ల మర్చిపోతేనే మంచిదేమో. కోప్పడకు. అప్పీలు వెనక్కి తీసుకో. మళ్ళీ మళ్ళీ కొలిస్తే కాగితం మీద నీకే నష్టం.

నీ తమ్ముడు

అక్టోబరు 6

తమ్ముడికి,

మర్చిపోతే మంచిదన్నావు. ఆ మాటకి నిన్ను ఏమనాలో వాక్యంలో ఉంది, కానీ ఆ వాక్యం నాకు గుర్తు రావడం లేదు. అందుకే ఈ ఉత్తరం.

సోమవారం నేనొక్కదాన్నే ఆ దారిన వెళ్ళాను. మోకాళ్ళు అరిగిపోయేంత దూరం. మూడు కిలోమీటర్లు దాటి ఉంటుందని ఒట్టేసి చెబుతాను. ఎంత నడిచినా ఆ గోడ తెగలేదు. పగిలిన గాజు పెంకులు గోడ మీద గుచ్చి ఉన్నాయి, ఎండకి మెరుస్తున్నాయి. పిచ్చుక కూడా వాలదు అక్కడ. అంతకుమించి ఏమీ లేదు. మామూలు దారి.

బుధవారం పిట్ట వెనక నడిచాను. దానికి తెలియకుండా, నాలుగు బారల దూరంలో.

స్తంభాల మీద తెల్ల రంగుతో అంకెలు వేసి ఉన్నాయి, నువ్వే వేయించి ఉంటావు. తొమ్మిదో స్తంభం దాటింది. తర్వాతది ఇరవై ఆరు. మధ్యలో గోడ ఎక్కడా తెగలేదు. నేల కదలలేదు. చప్పుడు లేదు. లంగాకి కుచ్చు పెట్టేటప్పుడు రెండు వేళ్ళ మధ్య గుడ్డ లోపలికి పోతుంది చూడు, అలా దారి లోపలికి పోయింది. పిల్ల ఆ అంచు మీద నుంచి ఈ అంచు మీదకి అడుగేసింది. ఎగరలేదు, దూకలేదు. మామూలు అడుగే. నేనూ వేశాను. వేస్తూ కిందకి చూశాను.

మడత లోపల చీకటి ఉంటుందనుకున్నాను. లేదు. పగలే ఉంది. నిన్నటి పగలో, మొన్నటి పగలో. ఆ వెలుగు ఈరోజుది కాదు. అందులో ఎవరో చిన్నగా పాడుతున్నారు.

ఇంటికొచ్చి పని మొదలుపెట్టాను. గోడౌన్‌లో సాయంత్రం ప్రార్థనకి లేచి నిలబడ్డాను. నోరు తెరిచాను. ఏళ్ళ తరబడి పుస్తకం తెరవకుండా చెప్పిన మాటలు ఒక్కటీ రాలేదు. నలభై మంది తలలు వంచుకుని ఎదురు చూశారు. చివరికి ఒక ముసలాయన దగ్గాడు. ఏదో పాట ఎత్తుకోమని చెప్పి కూర్చున్నాను.

పొట్టి చేయడానికి దర్జీకి తెలిసిన దారులు రెండే. కత్తిరించాలి, లేదా మడిచి కుట్టాలి. కత్తిరిస్తే పోయిన ముక్క పోయినట్టే. మడిస్తే గుడ్డ అంతా లోపలే ఉంటుంది. ఇది మడతే. దారి తగ్గించినందుకు ఆ మడత కూలి తీసుకుంటోంది, డబ్బు కాదు. పిల్ల రోజుకి రెండుసార్లు ఇస్తోంది. నిన్న పొద్దున వాళ్ళమ్మ ఫోటో చూసి, "ఈవిడెవరో బాగుంది అమ్మమ్మా" అంది.

ఇంకొకటి. సిగ్గుగా ఉంది అడగడానికి. మన అమ్మ పేరు రాసి పంపు.

అక్క

అక్టోబరు 12

అక్కా,

అమ్మ పేరు వేరే కాగితం మీద రాసి, నాలుగు మడతలు పెట్టి, ఇందులోనే పెట్టాను. పిట్ట పేరూ, పిట్ట తల్లి పేరూ కూడా రాశాను. నా పేరు కూడా రాశాను, ఏమో, ఎందుకైనా మంచిదని.

నీ ఉత్తరం చదివి మొదట నీకు జ్వరమేమో అనుకున్నాను. తర్వాత, తిట్టుకోకు, బస్సు కోసం కట్టిన కథ అనుకున్నాను. అందుకే చెప్పకుండా గురువారం చక్రం పట్టుకుని వచ్చాను. నువ్వు ఆస్పత్రికి దుప్పట్లు ఇవ్వడానికి వెళ్ళావని పిట్ట చెప్పింది. "తాతయ్యా, నేను ముందు, నువ్వు వెనక, అంతేగా?" అంది. ఆటనుకుంది పాపం.

చక్రం మీటరుకొకసారి టక్కుమంటుంది. ముప్పై ఏళ్ళుగా వింటున్న చప్పుడది, నిద్రలో కూడా వింటాను. తొమ్మిదో స్తంభం దగ్గర చక్రం దొర్లుతూనే ఉంది, చప్పుడు ఆగిపోయింది. మళ్ళీ టక్కుమనేసరికి బడి గేటు కనబడుతోంది. మొత్తం కిలోమీటరు కూడా లేదు. నేను వంగి చూడలేదక్కా. నీ అంత ధైర్యం నాకు లేదు. పాట మాత్రం విన్నాను.

రైల్లో తిరిగొస్తూ లెక్క చూసుకున్నాను. నాన్న కొట్టిన దెబ్బలు గుర్తున్నాయి. నాన్న ముఖం లేదు.

ప్రమాదకరమైన దారి అయితే దూరంతో పని లేకుండా బస్సు ఇవ్వొచ్చని నియమం ఉంది. కమిటీ ముందు పెట్టాను. ప్రమాదమేంటన్నారు. రైలు పట్టాలా, వాగా, కుక్కలా, ఫుట్‌పాత్ లేదా? దారి పొట్టిగా ఉందన్నాను. "పొట్టిదారి ప్రమాదమైతే ఇంక పొడుగుదారి ఏమంటారు సార్" అని ఒకాయన అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఉద్యోగం కదా.

మిగిలింది ఒక్కటే ఉపాయం. కొలత గేటు నుంచి గేటుకి. ఆ దారి మీ ముందు గేటు దగ్గర మొదలవుతుంది. ముందు గేటుకి ఇటుకలు పెట్టి మూసేయి. పెరటి గోడకి గేటు పెట్టించు, అటు పెద్ద రోడ్డు. అక్కడి నుంచి కొలిస్తే ఎటు చూసినా నాలుగు దాటుతుంది. బస్సు ఇవ్వక తప్పదు. నియమం నియమమే, పక్షపాతం లేదు. మేస్త్రీని ఈ వారమే పిలువు. అప్పటిదాకా పిల్లని బడికి పంపకు. ఒళ్ళు బాగాలేదని రాసివ్వు. అబద్ధమే, నీ దేవుడితో నేను మాట్లాడుకుంటాను.

నీ తమ్ముడు

అక్టోబరు 25

తమ్ముడికి,

దేవుడితో నువ్వేం మాట్లాడతావు, నీకంత పరిచయం ఎక్కడిది? నేనే చెప్పుకున్నాను.

అమ్మ పేరు చదివాను. చదవగానే అమ్మ వంటగదిలో నిలబడ్డట్టయింది. సుద్దముక్కతో మిషను బల్ల మీద రాసుకున్నాను. రోజూ చెరుగుతుంది, రోజూ రాస్తున్నాను.

ముందు గేటు మూసేశాం. మేస్త్రీ, "వాస్తు చెప్పినవాడు ఎవడమ్మా, వాడి ఇంటికి తలుపులు లేకుండా పోను" అని గొణుక్కుంటూ కట్టాడు. వాస్తు కాదు, మా తమ్ముడు అన్నాను. పెరటి గేటు నుంచి కొత్త చక్రం మనిషి కొలిచాడు, నాలుగున్నర. వెనక రోడ్డు మీద బస్సు ఆగుతోంది. మీసాల డ్రైవర్ మంచివాడు. సాయంత్రం నన్ను చూసి, నా మెడలో టేపు చూసి, అప్పుడు గానీ పిల్లని మెట్టు దిగనివ్వడు. "టేపున్న అమ్మమ్మకే ఇస్తాను, మీలా వేరెవరు వేషం వేసుకొచ్చినా ఇవ్వను" అంటాడు.

పిల్ల క్షేమం. ఇప్పుడు కొత్తగా ఏమీ మర్చిపోవడం లేదు. మర్చిపోయినవి మాత్రం తిరిగి రాలేదు. కూర్చోమంటే కూర్చుంటుంది, తినమంటే తింటుంది. అల్లరి లేదు. చక్కగా ఇస్త్రీ చేసి మడిచిన గౌనులా ఉంది.

చెప్పకూడదనుకున్నాను గానీ చెబుతున్నాను. పొద్దున బస్సు పిల్లని తీసుకుని వెళ్ళిపోయాక, మిషను మీద కూర్చుంటాను కదా, మూసేసిన గేటు అవతల ఎవరో వస్తున్నారు. తట్టరు, పిలవరు. పాట పాడతారు. తప్పిపోయిన చెప్పు పాట. పిట్ట గొంతే. ఒక్క మాట కూడా తప్పదు. సాయంత్రం దాకా అక్కడే ఉండి వెళ్ళిపోతుంది.

అక్క

అక్టోబరు 29

అక్కా,

తెరవకు.

అది గాలి అని చెప్పను. నేనూ విన్నాను కాబట్టి చెప్పలేను. కానీ ఆ గోడలో ఒక్క ఇటుక తీసినా అది మళ్ళీ గేటే. గేటయితే మళ్ళీ కొలవాలి. కొలిస్తే పిట్ట ముందు నడవాలి. బస్సు పోతుంది, పిల్ల ఆ దారిన పడుతుంది, ఈసారి ఇవ్వడానికి దాని దగ్గర ఏం మిగిలిందని?

మన పిల్ల బస్సులో ఉంది. కూర్చోమంటే కూర్చుంటోంది. చాలక్కా. కొంచెం తక్కువైనా చాలు. నేను నాన్న ముఖం లేకుండానే ఆఫీసుకి వెళ్ళొస్తున్నాను.

సెలవుల్లో ఇద్దరూ ఇక్కడికి వచ్చేయండి. మరదలు గది సర్దింది.

నీ తమ్ముడు

నవంబరు 2

తమ్ముడికి,

"కొంచెం తక్కువైనా చాలు" అని రాశావు. నాకు వాక్యాలు పోయాయి గానీ ఒకటి మిగిలింది. నూరు గొర్రెల కాపరి కథ. ఒకటి తప్పిపోయింది. తొంభై తొమ్మిది చాలవా, కొంచెం తక్కువైనా ఫరవాలేదులే అనలేదు వాడు. కొండల్లో పడి వెళ్ళాడు. ఎందరికో చెప్పాను ఆ కథ. గొంతు పోయేలా చెప్పాను. వినేవాళ్ళ కళ్ళలో నీళ్ళు తెప్పించాను. నేను మాత్రం ఇటుక గోడకి ఇటువైపు మిషను తొక్కుకుంటూ కూర్చున్నాను. అవతల నా తప్పిపోయిన పిల్ల రోజూ వచ్చి నిలబడి పాడుతోంది. నేను చెప్పిందంతా నిజమో, నోటి దురదో తేల్చుకోవలసిన వేళ వచ్చింది.

ముందు గేటు తెరిస్తే బస్సు పోతుందన్నావు. కాబట్టి గేటు తెరవను. నిచ్చెన వేసుకుని గోడ ఎక్కుతాను. అరవై రెండేళ్ళ ముసల్ది గోడ దూకకూడదని మీ నియమాల్లో ఉంటే చూసి చెప్పు.

మడిచి కుట్టింది ఏదైనా కుట్టు విప్పితే తెరుచుకుంటుంది. విప్పినవాళ్ళ చేతికి దారం మిగులుతుంది, అంతే. చిన్న కత్తెర, కొత్త దారం రీలు తీసుకువెళ్తున్నాను. దారం కొస మూసిన గేటు ఊచకి కడతాను. లోపల పిల్లవి ఏవేవి ఉన్నాయో అన్నీ బయటికి పంపిస్తాను. కూలి అడిగితే, పిల్ల బదులు నేనిస్తాను. నా దగ్గర అరవై రెండేళ్ళ జ్ఞాపకాలు ఉన్నాయి, తొమ్మిదేళ్ళ దాని కన్నా ఎక్కువే.

రేపు పొద్దున బస్సు వెళ్ళాక బయల్దేరతాను. పక్కింటి నర్సమ్మకి తాళం ఇచ్చాను, సాయంత్రం పిల్లని తనే తీసుకుంటుంది. నువ్వు వచ్చి నాలుగు రోజులుండు. పిల్లకి రెండు జడలు వేయాలి, ఒకటి వేస్తే అలుగుతుంది. ఈ మధ్య అలగడం లేదు. మళ్ళీ అలిగిందంటే నా పని అయినట్టు.

నీకు శాంతి కలగాలి. నీ చేత పలక మీద దిద్దించినందుకు నాకు సంతోషమే.

అక్క

నవంబరు 24

అక్కా,

నువ్వు వెళ్ళి మూడు వారాలు. ఈ ఉత్తరానికి చిరునామా ఏం రాయాలో తెలియక మీ మిషను మీద కూర్చునే రాస్తున్నాను. సెలవు పెట్టుకుని ఇక్కడే ఉన్నాను. మీ గోడౌనువాళ్ళు నువ్వు ఏదో ఊరికి ప్రసంగానికి వెళ్ళావనుకుంటున్నారు. పోలీసులకి చెప్పాను, గోడ వెంట మూడుసార్లు నడిచి వెళ్ళారు. మామూలు దారేనండి అన్నారు.

జరిగింది జరిగినట్టు చెబుతాను. నువ్వు వెళ్ళిన సాయంత్రం పిట్ట బస్సులో నుంచి పాడుకుంటూ దిగిందట. నర్సమ్మ చెప్పింది. నేను వచ్చేసరికి వాళ్ళమ్మ ఫోటో ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తోంది. రెండేళ్ళ ఏడుపు. ఆ రాత్రి ఒక్క జడ వేశానని అలిగి అన్నం మానేసింది. నేను వంటగదిలోకి వెళ్ళి నీకు దండం పెట్టాను.

నాకు కూడా వచ్చింది. గడ్డం చేసుకుంటుంటే అద్దంలో నాన్న ముఖం. నేను ఇంతగా ఆయనలా ఉంటానని ఎప్పుడూ చెప్పలేదేం?

నీ దారం చూశాను. గేటు ఊచకి ముడి వేసి ఉంది. దాన్ని పట్టుకుని వెళ్ళాను. తొమ్మిదో స్తంభం దాటాక గోడ మొదట్లో, రెండు ఇటుకల మధ్య, బ్లేడు కూడా దూరని సందులోకి వెళ్ళిపోయింది. మెల్లగా లాగాను. లోపలి నుంచి ఎవరో మెల్లగా తిరిగి లాగారు. కోపంగా కాదు. చిన్నప్పుడు రోడ్డు దాటుతుంటే నా చెయ్యి ఎలా లాగేదానివో అలా. పద, ఇంటికి పద అన్నట్టు. దారం తెంపలేదు. ఎవరినీ తెంపనివ్వను.

తర్వాత నా పని చేశాను. చక్రం తెచ్చి, ఆ గేటు దగ్గరే మొదలుపెట్టి కొలిచాను. పిట్ట ముందు, నేను వెనక, నర్సమ్మ సాక్షి. తొమ్మిది తర్వాత పది వచ్చింది, పది తర్వాత పదకొండు. మొత్తం మూడు దాటి రెండు వందల మీటర్లు. పోయిన ఏడాది ఎంతో అంత. కమిటీ ఒప్పుకుంది. ముందు గేటు ఇటుకలు తీయించాను. ఇప్పుడు బస్సు అక్కడే ఆగుతోంది. నువ్వు వస్తే ఆ దారినే వస్తావు కదా, గేటు మూసి ఉండకూడదు.

అసలు విషయం ఇది. నిన్న కిరాణా కొట్టులో ఆలస్యమై బస్సు వేళకి నేను గేటు దగ్గర లేను. నర్సమ్మ ఆస్పత్రి డ్యూటీలో ఉంది. పరుగెత్తుకుంటూ వచ్చేసరికి బస్సు కదులుతోంది. గేటు దగ్గర ఎవరూ లేరు. ఊచకి కట్టిన దారం ఒక్కటే ఊగుతోంది, నిన్న గాలి లేదు. డ్రైవర్‌ని ఆపి నోటికొచ్చినట్టు తిట్టాను. పెద్దవాళ్ళు లేకుండా పిల్లని ఎలా దింపావు, నియమం తెలియదా అన్నాను.

అతను నొచ్చుకున్నాడు. "నాకు తెలియకపోవడమేంటి సార్, నేను దింపనే దింపను. పెద్దావిడ నిలబడి ఉందిగా, మెడలో టేపుతో. చూసే దింపాను" అన్నాడు.

లోపలికి వెళ్ళాను. పిట్ట అద్దం ముందు కూర్చుని చెప్పు పాట పాడుకుంటోంది. ఎవరే నిన్ను దింపుకున్నది అని అడగబోయి ఆగిపోయాను.

పొద్దున నేను వేసిన వంకర జడలు విప్పి, ఎవరో రెండు జడలు చక్కగా వేసి ఉన్నాయి.

నీ తమ్ముడు